మామయ్య కుట్టిన డేరా

మా మామయ్య పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాయన లేడు" అని రెండే మాటలు అన్నాడు. అప్పుడు నేను మామయ్య కోసం డబ్బాలో జావ పోస్తున్నాను. మూత పెట్టేశాను గానీ, ఎవరికి తీసుకెళ్లాలో తెలియక అలాగే కూర్చున్నాను.

నాచారంలో ఒక కంపెనీలో ఏళ్ల తరబడి టార్పాలిన్లు, డేరాలు కుట్టిన మనిషి ఆయన. దబ్బనం నెట్టీ నెట్టీ బొటనవేలు కాయగాసింది. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకును వదిలేసి షామియానా కుట్లు చూసేవారు. "గిదేం కుట్టురా, పాము పోయినట్టుంది" అని మా ఆయన చెవిలో గొణిగేవారు. తన కుట్టుకు వంక పెడితే మాత్రం ఊరుకునేవారు కాదు. కంపెనీలో ఎవరో ఒక్క మాట అన్నారని రెండు రోజులు సరిగా అన్నం తినలేదని అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నేను పురిటికి అన్నోజిగూడలో మా అమ్మ దగ్గరున్నప్పుడు, నాచారంలో మా అద్దె ఇల్లు ఉన్నట్టుండి ఖాళీ చేయమన్నారు. పీర్జాదిగూడలో మేం కొన్న జాగాలో ఇంటికి పునాది మాత్రమే లేచింది. నెలల పాపతో నేను తిరిగొచ్చేసరికి ఆ పునాది పక్కన మామయ్య కుట్టిన గుండ్రటి డేరా! వెదురు బద్దల అల్లిక మీద మందపాటి కాటన్ గుడ్డ. చుట్టూ అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోంచి జనం సర్కస్ దిగినట్టు చూస్తున్నారు. నా తల కొట్టేసినట్టయింది. పాపను ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడి చెప్పాను: "ఒక్క సుక్క నా బిడ్డ మీద పడ్డా నేను అన్నోజిగూడ పోత."

మామయ్య నవ్వారు. "పడదు బిడ్డా. తడిస్తే గుడ్డ బిగుసుకుంటది, నీళ్లను ఆపుతది. వాన పడేటప్పుడు లోపట్నుంచి ముట్టకు, గంతే. ఏలు పెడితే ఆడికెల్లి కారుతది."

నిజం చెప్పాలంటే డేరాలో హాయిగానే ఉండేది. ఉక్కపోస్తే మామయ్య గుడ్డ అంచులు జానెడు పైకి చుట్టేవారు. మబ్బు పట్టగానే చుట్టూ తిరిగి తాళ్లు వదులు చేసేవారు. తడిసిన తాళ్లు బిగిసి మేకులు పీకేస్తాయట. "తాడుకు గూడ జర ఊపిరాడనియ్యాలె" అనేవారు. నేను మాత్రం మూతి ముడుచుకునే తిరిగాను.

ఒక సాయంత్రం మొదటి పెద్ద వాన వచ్చింది. లోపల నేనూ, ఉయ్యాలలో పాపా. మామయ్య బయట తాళ్ల దగ్గర. ఎంతసేపు కొట్టినా ఒక్క చుక్క దిగలేదు. చెబితే నవ్వుతారు గానీ, నాకు అదే కోపం. ఎక్కడో తడి ఉండే ఉంటుందని ఉయ్యాల పైన, కుట్టు పక్కన, వేలితో గట్టిగా నొక్కాను. అంతే, అక్కడి నుంచి చుక్కలు మొదలయ్యాయి. పాప నుదుటి మీద పడగానే అది గుక్కపట్టి ఏడ్చింది.

మామయ్య పరుగున లోపలికి వచ్చారు. పైకి చూశారు, నా తడి వేలు చూశారు. చుక్క పడేచోట తన వేలు పెట్టి, గుడ్డ మీద గీత గీసినట్టు కింద దాకా లాక్కొచ్చారు. నీళ్లు ఆ గీత వెంబడే నేలకు దిగిపోయాయి. అప్పుడే మా ఆయనా అత్తమ్మా తడుసుకుంటూ వచ్చారు.

"ఏమైంది నాయనా?"

"నా కుట్టే తప్పింది రా. ఈడ జర వదులైంది."

నేను అన్నోజిగూడ పోలేదు. కానీ నోరు తెరిచి నిజమూ చెప్పలేదు. ఇల్లు లేచింది, పాప బడికి పోతోంది, అయినా చెప్పలేదు. ఆయన ఉండగా చెప్పాల్సింది. మామయ్యా, మీ కుట్టు తప్పలేదు.

ఆ వాన వెలిసిన మర్నాడు ఆయన గుడ్డ దించి ఎండలో ఒళ్లో పరుచుకున్నారు. దబ్బనంలోకి దారం ఎక్కించి, అత్తమ్మ చూస్తుండగా, ఏ లోపమూ లేని ఆ కుట్టు మీదే మళ్లీ కుట్టడం మొదలుపెట్టారు. నేను వెళ్లి ఎదురుగా కూర్చుని రెండో అంచు పట్టుకున్నాను. ఆయన తలెత్తలేదు. "జర గుంజి పట్టు బిడ్డా" అన్నారు.