పదహారింతల చీకటి

ఒక మనిషి తన కళ్లకు గంతలు తానే ఏరుకుని, దుకాణంవాడు వద్దంటున్నా వినకుండా కొనుక్కొచ్చిన కథ ఇది. మీరు నవ్వుతారని తెలుసు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వై2కె రోజులు, అంటే రెండు వేల సంవత్సరం రాగానే తేదీలు తికమకపడి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడ్డ కాలం. సిడ్నీలో, బ్లాక్‌టౌన్‌లో నేనూ, గుంటూరు నుంచి వచ్చిన ఖాదరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నాది టెస్టింగ్ ఉద్యోగం. కంప్యూటర్ గడియారాన్ని రెండు వేల సంవత్సరం తొలి అర్ధరాత్రికి తిప్పి, ఏం కూలిపోతుందో చూడటమే నా పని. ఖాదర్‌కి వేట పిచ్చి. లైసెన్సు ఉంది, తుపాకీ ఉంది, వేటాడే చోటే లేదు. చివరికి కొండల అవతల గొర్రెలు పెంచే కెన్ అనే పెద్దాయన దయ తలిచాడు. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్న నక్కని ఒక్క సాయంత్రంలో కొడితే ఎప్పుడైనా రావచ్చు, లేకపోతే మళ్లీ ఆ ఛాయలకు రాకూడదన్నాడు.

"నక్కలు మునిమాపు వేళే వస్తాయిరా. మసక చీకట్లో బాగా కనపడే బైనాక్యులర్స్ పట్రా. నాకు ఆఫీసులో కుదరదు" అన్నాడు ఖాదర్. ఏమండీ, అంత ముఖ్యమైన పనికి నన్నెందుకు పంపాలి?

లంచ్ టైమ్‌లో వెళ్లాను. దుకాణంవాడు ఒక లావుపాటి బైనాక్యులర్స్ ముందు పెట్టాడు.

"ఇది ఏడింతలే పెద్దది చేస్తుంది. కానీ ముందు అద్దం పెద్దది, వెలుతురు బాగా పడుతుంది. సాయంత్రానికి ఇదే."

"మరి ఆ చిన్నది?"

"పదహారింతలు. అద్దం చిన్నది కదా, పగటికే బాగుంటుంది మేట్."

నాకు పదహారు మాత్రమే వినపడింది. మెగాహెర్ట్జ్ ఎంత ఎక్కువైతే కంప్యూటర్ అంత గొప్పదని నమ్మే కాలం అది. ఏడంటాడేమిటి, పాత సరుకు నాకు అంటగడతాడా? మిట్టమధ్యాహ్నం వీధిలోకి వచ్చి, ఎక్కడో దూరాన ఉన్న బస్సు నంబరు గడగడా చదివేశాను. పదహారింతలదే కొన్నాను.

ఆ శనివారం సాయంత్రం కంచె పక్కన బోర్లా పడుకున్నాం. కెన్ వరండాలో కుర్చీ వేసుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

"తుపాకీ మీదున్న దుర్భిణితో వెతక్కూడదు, చూసిన ప్రతిదాని మీదికీ గొట్టం తిరుగుతుంది. నువ్వు వెతికి చెప్పు, నేను సరిచూసుకుని కాలుస్తా" అన్నాడు ఖాదర్. "ఏమన్నా కనపడిందా?"

"చెట్టు."

"ఏం చెట్టు?"

"నల్లది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అదీ లేదు."

"అద్దాల మూత తీశావట్రా?"

"తీశా! ఉండు, నక్క! గేటు దగ్గర! తోక ఊపుతోంది!"

"నక్క తోక ఊపడమేంట్రా?"

"దట్స్ మై డాగ్!" వరండాలోంచి కెన్ గావుకేక పెట్టాడు.

అంతలో మా వెనక కవరు చప్పుడైంది. తిరిగి చూస్తే అసలు నక్క! మేం తినడానికి తెచ్చుకున్న చికెన్ ఫ్రై పొట్లం నోట కరుచుకుని నిలబడి ఉంది. ఏ అద్దమూ లేకుండా మీసాలతో సహా కనపడింది. దాని వెనకే కెన్ ఇల్లు, కాల్చడానికి లేదు. ఆ సంగతి తనకీ తెలిసినట్టు అది తాపీగా నడుచుకుంటూ పోయింది. కెన్ గేటు తెరిచి, మా కారు వైపు వేలు చూపించాడు.

దారిలో ఖాదర్ అడిగాడు.

"ఒరేయ్, ఆఫీసులో నీ పనేంటి?"

"గడియారాన్ని అర్ధరాత్రికి తిప్పి టెస్ట్ చేయడం."

"మరి వీటినెప్పుడు టెస్ట్ చేశావ్?"

"లంచ్ టైమ్‌లో."



ఆ రోజే కారులో కూర్చుని, నా మీద నేనే ఒట్టేసుకున్నాను. చీకట్లో వాడే వస్తువేదీ ఈ జన్మలో పగటి వెలుతురులో చూసి కొనను. ఇప్పటికీ మాట తప్పలేదు. మొన్న టార్చిలైటు కొనబోయి, షాపులో లైట్లన్నీ ఆర్పమని మర్యాదగానే అడిగాను. సెక్యూరిటీవాణ్ణి పిలిచారండీ!