మానిటర్‌కి చెవి ఆనించినవాడు

ఎనభైల చివర్లో, హార్బర్ పక్కన మా షిప్పింగ్ ఆఫీసుకి ఉన్నది ఒక్కటే కంప్యూటర్. రేవులో ఉన్న ఓడల పేర్లతోనే తెర నిండిపోయేది. బయట సముద్రంలో ఆగినవి కనబడేవి కావు. అన్నీ ఒకేసారి కనబడాలని మా ఆఫీసరు గారి పట్టు.

నా పక్కసీటు ఆపరేటరుది కొండ అవతలి జాలరిపల్లె యారాడ. అందుకోసం అతను తెరమీద అక్షరాల సైజు మార్చే, మాన్యువల్లో లేని డిస్‌ప్లే మోడ్ నంబర్లు ఒక్కొక్కటే కొట్టి చూసేవాడు. తప్పు నంబరు పడితే మానిటర్ సన్నగా కూత పెడుతుంది, వెంటనే ఆపకపోతే కాలిపోతుంది. అందుకని ఒక చెయ్యి స్విచ్చి మీద ఉంచి, పెట్టెకి చెవి ఆనించేవాడు.

"ఉన్న ఒక్కటీ కాల్చేస్తావేటి బావా?" అన్నాను.

"మా అయ్య తెడ్డు నీళ్లలో ముంచి, దానికి సెవెట్టి సేపలెక్కడున్నాయో సెప్పీవోడు. నాను ఈ పెట్టె మాట ఇనలేనేటి?"

ఒక మధ్యాహ్నం తెర ఉన్నట్టుండి నల్లబడింది. కాలిపోయిందనుకున్నాను. కూత మాత్రం రాలేదు. అక్షరాలు చీమలంత అయి, ఆఖరి ఓడతో సహా అన్నీ తెరమీదికి వచ్చాయి. అతని పక్కసీటు నాదేనని ఆ రోజు కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

"ఇది పుస్తకంలో ఏ పేజీలో ఉందయ్యా?" ఆఫీసరు గారు నవ్వుతూ అడిగారు.

అతను పెట్టెకి ఆనించిన చెవి తియ్యలేదు.

"ఇంకా రాయనేదండి" అన్నాడు.