స్కాను గదిలో బాకా

మా మామయ్య బ్యాండు మేళంలో బాకా ఊదేవాడు. బుగ్గలు బంతుల్లా ఉబ్బించి ఒక్క ఊపు ఊదితే వీధి చివర కిటికీ అద్దాలు కూడా గలగల్లాడేవి. అంత చప్పుడు చేసే మనిషికి సొంత విషయం చెప్పాలంటే మాత్రం గొంతు పెగిలేది కాదు.

ఒక వేసవిలో ఆయనకు ఎడమవైపు, చెప్పుకోలేని చోట, బరువుగా లాగడం మొదలైంది. సాయంత్రానికి ఎక్కువయ్యేది, పడుకుంటే తగ్గేది. "ఎందుకలా కుంటుతున్నారు?" అని అత్తయ్య అడిగితే నోటికొచ్చింది అనేశాడు: "మోకాలు."

ఇక చూడండి. నూనె మర్దనాలు, వేడి కాపడాలు, గుడ్డ కట్లు. ఆ ఇంట్లో ఏ మనిషికీ దక్కని సేవలు ఆ మోకాలికి దక్కాయి. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

చివరికి గుట్టుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన చేత్తో తడిమి, "సంచిలో వానపాములు ముడిపడ్డట్టుంది, స్కాను తీయించండి" అన్నాడు. స్కాను మాట అత్తయ్య చెవిన పడింది. మోకాలి గతి ఏమవుతుందోనని తనూ బయల్దేరింది. ఆ రోజు మామయ్య ఒక బట్టల కొట్టు ప్రారంభోత్సవంలో వాయించి నేరుగా వచ్చాడు. ఒంటి మీద బంగారు జరీ కుట్టిన ఎర్రకోటు, భుజాన బాకా.

హాలు నిండా జనం. బల్ల వెనక అమ్మాయి తలెత్తి గట్టిగా అడిగింది. "వృషణాల స్కాన్ ఎవరండీ?"

మామయ్య తలెత్తి ఫ్యాను రెక్కల్ని దీక్షగా చూడసాగాడు. ఆ అమ్మాయి మళ్ళీ పిలిచింది. అత్తయ్యకు జాలేసింది.

"పాపం, ఎవరో మొహమాటపడుతున్నారు. లేవండి బాబూ, ఇందులో సిగ్గేముంది?" అంటూ పక్కనున్న పెద్దాయన మోచేతిని తట్టింది.

"నేను కాదమ్మా! నాది కాలేయం!" అన్నాడాయన కంగారుగా.

"ఎర్రకోటు ఆయనా, మీరే కదండీ?" అంది బల్ల వెనక అమ్మాయి.

తలలన్నీ మామయ్య వైపు తిరిగాయి. అత్తయ్య మొగుణ్ణి కింద నుంచి పైదాకా చూసి అడిగింది. "మోకాలు అంత పైకి ఎప్పుడెక్కిందండీ?"

మామయ్య బాకా ఆవిడ ఒళ్ళో పెట్టి గదిలోకి పారిపోయాడు.

లోపల స్కాను చేసే డాక్టరమ్మ వయసులో చిన్నది, పనిలో నిదానం. తువాలు కప్పి, చల్లటి జిగురు రాసి, రెండు వైపులా పరీక్షించింది. "గడ్డలేం లేవు, రెండూ బాగానే ఉన్నాయి. ఇప్పుడు లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కండి. రక్తం వెనక్కి జారుతోందేమో చూస్తాను."

మామయ్య ముక్కబోతే నవ్వొచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే గాలంతా ముక్కులోంచి తుస్సుమంది.

"అమ్మా, ఉత్తినే ముక్కడం నాకు చేతకాదు. బాకా ఇప్పిస్తే మాత్రం చూపిస్తాను."

డాక్టరమ్మ కాసేపు ఆలోచించింది. ఊదినా కడుపులో ఒత్తిడి పెరుగుతుంది కదా, అదీ నిజమే. తలుపు కాస్త తెరిచి బాకా అడిగింది. అత్తయ్య అందించింది. హాలంతా చూస్తుండగా ఆ బాకా స్కాను గదిలోకి వెళ్ళింది, తలుపు మూసుకుంది.

మరుక్షణం భవనం అదిరింది. స్కాను యంత్రం నల్లటి తెర మీద, వెనక్కి జారే రక్తం ఎర్రగా నీలంగా భగ్గుమంది. "ఆపకండి, ఆపకండి! అలాగే ఊదండి!" అని డాక్టరమ్మ కేకలు హాలు దాకా వినిపించాయి. కాలేయం పెద్దాయన లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, "అమ్మాయ్, నాకు ఏ వాయిద్యమూ రాదు. పరవాలేదా?" అని అడిగాడు.

"వృషణం నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్ళే సిరలు ఉబ్బాయండీ. ప్రాణానికి భయం లేదు. బిగుతైన లోదుస్తులు వేసుకోండి. నొప్పి తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేస్తారు" అంది డాక్టరమ్మ.

"బాకా మానేయాలా?"

"దానివల్లే వచ్చిందని చెప్పలేను. ఊదితే ఉబ్బుతోందని మాత్రం కళ్ళారా చూశాను."

ఇంటికొచ్చాక తాళం తీస్తూ అత్తయ్య అంది. "నాతో చెబితే ఏం పోయేది?"

"ఎలా చెప్పనే?"

"ఊరందరికీ బాకా ఊది చెప్పారుగా!"

మామయ్యకు నవ్వాగలేదు. ఆ నవ్వుకి కూడా నొప్పి లాగింది.

కొన్నాళ్ళకు ఆపరేషన్ అయింది, బాధ పోయింది. స్కాను కథ ఆయనే మేళంలో అందరికీ అభినయించి చెప్పాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. పెద్ద డ్రమ్ము వాయించేవాడు ఒక్కడే నవ్వలేదు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఆ స్కాను నొప్పెడుతుందా?"

"జిగురు చల్లగా తగులుతుంది, అంతే. ఏం?"

ఎప్పుడూ ఎవరి ముందూ దించని డ్రమ్మును అతను దించాడు. పంట్లాం ముందుభాగం గుమ్మడికాయంత ఉబ్బి ఉంది.

"ఇదేంట్రా! ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్లో చిన్న డ్రమ్ము సరిపోయేదన్నా."

మామయ్య వెంటనే అతన్ని రెక్క పట్టుకుని అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. తెర మీద చూస్తే చుట్టూ అంతా నల్లగా నీరు, మధ్యలో వృషణం క్షేమంగా ఉంది. గడ్డ కాదని తెలిసి డ్రమ్మువాడు పడుకున్న బల్ల మీదే ఏడ్చేశాడు. చచ్చిపోతున్నాననే అనుకున్నాడట అన్నేళ్ళూ.

ఆపరేషన్ తర్వాత అతను డ్రమ్ము వదిలేసి తాళాలు పట్టాడు. మేళానికి ముందు, పెద్ద పెద్ద అంగలేస్తూ నడుస్తాడు. వెనక మిగతావాళ్ళు అతన్ని అందుకోలేక, వాయించలేక, రొప్పుతుంటారు.