జొన్నచేనులో వేలాడిన ఖాజా సాబ్ గొంతు

2015 చలికాలం. దేవరకొండలో బస్టాండు నుంచి ఖిల్లా వైపు పోయే దారిలో నాకు సినిమా డిస్కులు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. మాది మగ్గం నేసే ఇల్లు. మా నాయిన మగ్గం వదల్లేదు, నేను పట్టలేదు. అప్పటికే అందరి చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చి గిరాకీ సన్నబడింది. "ఇంకెన్ని దినాలు ఈ పళ్లేల దుకాణం" అని నా భార్య రోజూ దెప్పేది.

అట్లాంటి రోజుల్లో ఒక సినిమా నన్ను నిలబెట్టింది. ఇంట్లో నాయనమ్మ అలిగినప్పుడల్లా రోలు, రోకలి, చీపురుకట్ట మాట్లాడటం మొదలుపెడతాయి. ఇంటిల్లిపాదీ దాచుకున్న గుట్లన్నీ బయటపెడతాయి. అదీ కథ. మా ఊరి టాకీసులో వారం కూడా ఆడలేదు. ఇంట్లో చూసుకునే డిస్కుగా విడుదలయ్యాక మాత్రం జనం ఎగబడ్డారు. పిల్లలూ ముసలివాళ్లూ ఒకే చాప మీద కూర్చుని నవ్వుకునే సినిమా అని పేరొచ్చింది. నా దగ్గరున్నవి రెండే డిస్కులు. గోడకు కాగితం అంటించి, వరుసగా పేర్లు రాసి, వంతుల ప్రకారం ఇచ్చేవాణ్ణి. వంతు దాటి ఉంచుకున్నవాళ్ల మీద విరుచుకుపడేవాణ్ణి. నాకు ముక్కు మీద కోపం, బజారంతా ఎరిగిన సంగతే.

ఒక సాయంత్రం టైలర్ షమీమ్ ఆ డిస్కును తిరిగి తెచ్చి, గిరాకీ మధ్యలో బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తర్వాత డబ్బా తెరిస్తే లోపల సినిమా బొమ్మ లేని ఉత్త డిస్కు ఉంది. ప్లేయర్లో వేశాను. తెర మీద "నో డిస్క్" అని వచ్చింది. ఇంకోసారి వేశాను, అదే మాట. నా ఒళ్లు మండింది. సినిమా ఇంట్లో ఉంచేసుకుని పనికిరానిది నాకు అంటగట్టిందనుకున్నాను. ఫోన్ చేస్తే స్విచాఫ్. మరునాడు పొద్దున్నే వాళ్లింటికి పోతే తాళం. "ఇంత మోసమా" అని బజారులో నలుగురికీ చెప్పాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా దుకాణంలో చెడిపోయిన డిస్కుల కోసం ఒక గంప ఉండేది. గీతలు పడినవాటికి ముందు బఫింగ్ చేస్తాం, అంటే మిషన్ మీద అరగదీసి నునుపు చేస్తాం. దానికీ లొంగనివి గంపలో పడతాయి. చుట్టుపక్కల రైతులు వాటిని పట్టుకుపోయి, జొన్నచేలల్లో దారానికి కట్టి వేలాడదీస్తారు. ఎండకు అవి తళతళలాడుతూ తిరుగుతుంటే చిలుకలు, పిచ్చుకలు కంకుల మీద వాలవు. షమీమ్ ఇచ్చిన డిస్కును నేను ఆ గంపలోకే విసిరాను. ఆ మధ్యాహ్నమే జంగయ్య అనే రైతు వచ్చి గంపెడూ సంచిలో పోసుకుపోయాడు.

మూడో రోజు పొద్దున షమీమ్ దుకాణం ముందు నిలబడింది. చేతిలో సినిమా డిస్కు ఉంది.

"అన్నా, అబ్బాను నల్లగొండ దవాఖానకు తీస్కపోయే తొందర్ల తప్పు డిస్కు పెట్టిన. గిదిగో నీ సిన్మా. మాది మాకియ్యి."

సినిమా డిస్కు అందుకుని బల్ల మీద పెట్టాను. "ఏముండె చెల్లే దాంట్ల?" అన్నాను.

"అబ్బా మాట్లాడింది," అంది.

వాళ్ల నాన్న ఖాజా సాబ్‌ను ఎరగనివాళ్లు మా ఊళ్లో లేరు. ముప్పయ్యేళ్లు బస్టాండులో జీపుల దగ్గర నిలబడి "మల్లేపల్లి, హాలియా, సాగర్" అని కేకేసిన మనిషి. ఆ కేక వింటే మా అవ్వ పొద్దెంతయిందో చెప్పేది. ఏడాది కింద గొంతులో గడ్డకు ఆపరేషన్ చేసి, మాట పూర్తిగా తీసేశారు. అప్పటినుంచి పలక మీద రాసి చూపిస్తున్నాడు. ఆపరేషన్‌కు ముందురోజు షమీమ్, దుబాయి నుంచి తమ్ముడు తెచ్చిన, డిస్కు మీద రాసే రికార్డర్‌తో ఆయన మాటలు ఎక్కించి పెట్టింది. నాలుగేళ్ల మనవరాలు నూరీకి ఆయన చెప్పిన కథలు అందులో ఉన్నాయి. రోజూ అది పెడితేగానీ ఆ పిల్ల ముద్ద మింగదు. సినిమా చూడటానికి ఆ డిస్కును మిషన్లోంచి తీసి, ఎదురుగా కనబడిన సినిమా డబ్బాలో పెట్టారు. ఇల్లిల్లూ చేసే పొరపాటే అది.

"ఇంకో కాపీ ఉన్నదా?"

"అదొక్కటే అన్నా. అబ్బాకు ఇంక చెప్పలే. ఆయన గొంతు ఇంకెక్కడ లేదు."

జంగయ్య ఏం చేశాడో అప్పుడు చెప్పక తప్పలేదు. ఆమె వెళ్లి ఆటో పిలిచింది.

దారంతా నాకు రెండు భయాలు. ఇంట్లో రాసుకునే డిస్కుల్లో రంగుపూత ఉంటుంది, మాటలూ బొమ్మలూ దాని మీదే పడతాయి. ఎండలో ఎక్కువ కాలం ఉంటే ఆ పూత చెడిపోతుంది. రెండోది, పగిలిపోయి ఉంటే చేసేదేమీ లేదు. ఒక్కటే ధైర్యం. కంపెనీలో అచ్చయిన సినిమా డిస్కుల వెనకవైపు వెండిలాగా తెల్లగా ఉంటుంది, ఇంట్లో రాసినవాటికి ఊదారంగు జాడ ఉంటుంది. కాబట్టి గుర్తుపట్టొచ్చు.

ఆటో జంగయ్య చేను దగ్గర ఆగింది. గట్టు పొడుగునా కట్టెలు పాతి, దారాలు లాగి, యాభైకి పైగా డిస్కులు కట్టాడు జంగయ్య. అన్నీ గిర్రున తిరుగుతూ కళ్లు చెదరగొడుతున్నాయి. "ఏమైందే, మళ్ల తీస్కపోనీకి వచ్చినవా? ఇచ్చినంక ఇచ్చినట్టే ఉండాలె," అన్నాడు. షమీమ్ విషయం చెప్పింది. అతను కర్ర అందుకుని మాతో పాటే వెతకడం మొదలుపెట్టాడు.

ఒక్కొక్కటి పట్టుకుని తిప్పి చూశాం. తెలుపు, తెలుపు, తెలుపు. గట్టు కింద రెండు పగిలి పడి ఉన్నాయి. షమీమ్ వాటి దగ్గరే ఆగిపోయింది, వంగలేకపోయింది. నేనే వంగి తిప్పాను. రెండూ తెల్లవే. "మీవి కావు," అన్నాను.

చివరి వరుసలో, మంచె పక్కన, జంగయ్యే పట్టుకున్నాడు. "గిది సూడు బిడ్డా, జర ఊదగ కొడ్తాంది."

అదే. దారం నడిమి బెజ్జంలోంచి పోయింది, ఎక్కడా గీత లేదు. ఒక పిట్ట మాత్రం దాని మీద రెట్ట వేసింది. షమీమ్ కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. "పిట్టలు భయపడతయని కట్టిన, గీ పిట్టకు సిగ్గు లేదు," అన్నాడు జంగయ్య. దాని జాగాలో ఇంకో డిస్కు తెచ్చివ్వాలని నాతో మాట కూడా తీసుకున్నాడు.

షమీమ్ ఇంట్లోనే మంచినీళ్లతో కడిగాను. డిస్కును గుండ్రంగా తుడవకూడదు, నడిమి నుంచి అంచుకు నేరుగా తుడవాలి. దుబాయి మిషన్లో పెట్టాను. నూరీ పళ్లెం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. మంచం మీద ఖాజా సాబ్ నన్నే చూస్తున్నాడు. మిషన్ లోపల డిస్కు రెండుసార్లు కుయ్యిమంది, ఆగింది, మళ్లీ తిరిగింది.

"నూరీ బేటీ, తిన్నవా? తింటెనే కథ చెప్త," అని ఇల్లంతా మారుమోగేట్టు ఖాజా సాబ్ గొంతు వచ్చింది. పిల్ల నోరు తెరిచింది. షమీమ్ ముద్ద పెట్టింది. మంచం పక్కన కూర్చుని నేనూ ఆ కథ విన్నాను. మూడు రోజుల కోపం, పొద్దటి భయం అన్నీ ఒక్కసారే దిగిపోయాయి.

నా ప్లేయర్లో ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. రాయడం అయిపోయాక డిస్కును ఫైనలైజ్ చేయాలి, అంటే ఇక ముగిసిందని చివర్న ముద్ర వేయాలి. అది చేయకపోతే రాసిన మిషన్ తప్ప వేరే మిషన్లు సాధారణంగా చదవలేవు. రిమోట్ తీసుకుని అక్కడే ఫైనలైజ్ చేశాను. దుకాణానికి తీసుకెళ్లి మూడు కాపీలు రాసిచ్చాను.

కాపీలు ఇస్తూ ఖాజా సాబ్ ముందు నిజం ఒప్పుకున్నాను. "మీరు మోసం చేసిన్రని బజార్ల అన్న. తప్పయింది సాబ్, మాఫ్ చెయ్యి."

ఆయన పలక తీసుకుని నిదానంగా రాసి, నా వైపు తిప్పాడు. "నీ తాన డిస్కు పోయిందని నూరీ పొద్దుగాలనే చెప్పింది. అప్పటి సంది నిన్ను తిడ్తనే ఉన్న. నీకే ఇనవడలే."

షమీమ్ చదివి పగలబడి నవ్వింది. ఆయన భుజాలు కూడా నవ్వుతో కదిలాయి, చప్పుడు లేకుండా.

"నో డిస్క్" అంటే ఏమీ లేదని కాదు, నాకు చదవడం రాలేదని మిషన్ చెప్పడం. ఆ సంగతి తెలిసిన పనివాణ్ణే అయ్యుండి, దాన్ని నమ్మి ఒక ఇంటిని దొంగల ఇల్లు చేశాను. ఆ తర్వాత దుకాణం మూసేదాకా, గంపలోకి పోయే ప్రతి డిస్కునూ వెనక్కి తిప్పి చూశాను. ఊదారంగు కనబడితే దాని మనిషి వచ్చేదాకా సొరుగులో పెట్టి ఉంచాను.