బందరులో తడి సున్నం

తెల్లవారుజామున బెజవాడ బందరు రోడ్డులో ఉన్న బస్సుల షెడ్డుకు చేరాను. నవంబరు మొదటి రోజు. ముసురు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండం తిరుగుతోందని రేడియో చెప్పింది. నీలం రంగు బస్సు, రెగ్జిన్ సీట్లు, కిటికీలకు కాన్వాస్ తెరలు. నేను ఫౌజు వదిలి రెండేళ్ళు దాటింది. అయినా బూట్లకు పాలిష్ కొట్టుకునే వచ్చాను. "బస్సెక్కడానికి కూడా పెరేడేనా?" అని మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వింది. నవ్వనీ. పోస్టింగ్ అంటే పోస్టింగే. సరిహద్దయినా అంతే, బందరయినా అంతే.

డ్యూటీ ఏమిటంటే, సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళం బెజవాడలో అప్పుడప్పుడు కలుసుకునేవాళ్ళం. డెబ్బై ఒకటి యుద్ధంలో పోయిన మన జిల్లా కుర్రాళ్ళ తల్లిదండ్రులను ఒక రోజు బస్సులో తిప్పాలని అనుకున్నాం. వాళ్ళ పేరు మీద ఊళ్ళలో నిలిపిన రాళ్ళూ విగ్రహాలూ చూపించాలి. చివర బందరు వెళ్ళి పాత కోట, పూర్వం అక్కడ యుద్ధం జరిగిన చోటు, తెల్లవాళ్ళ సమాధులు చూపించి వెనక్కి తేవాలి. కొండపల్లి కోట కూడా అనుకున్నాం గాని, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడలను కొండెక్కించే ధైర్యం నాకు లేకపోయింది. గొంతు పెద్దదని నాయకత్వం నాకు అంటగట్టారు.

డ్రైవరు మావాడే. సరిహద్దులో వేరే యూనిట్ నుంచి మా కంపెనీకి రేషను లారీ తోలిన మనిషి. నన్ను ఇంకా "ఉస్తాద్" అనే పిలుస్తాడు. సాయానికి ఇంకో నలుగురు మాజీ సిపాయిలు ఎక్కారు.

అలవాటు కొద్దీ అందరి సామానూ ఓ కంట చూశాను. గొడుగులు, ఫ్లాస్కులు, చేతిసంచులు. ఒక్క రోజు ప్రయాణానికి సరిపోయే కిట్. ఒక్క మరియమ్మగారిది మాత్రం లెక్క తప్పింది. చిన్న ట్రంకుపెట్టె, చుట్టిన బొంత, జంతికల డబ్బా, ఉన్ని శాలువా. ఒళ్ళో మూతపెట్టిన రేకు డబ్బా. బెజవాడలో నర్సుగా పనిచేసే కూతురు ఆమెను సీట్లో కూర్చోబెట్టి డ్యూటీకి పరుగెత్తింది. డబ్బా పైన పెట్టిస్తానంటే ఆమె ఇవ్వలేదు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఆమె మా కంపెనీ వైర్‌లెస్ కుర్రాడి తల్లి. వాడి పేరు యాకోబు. ఊరు పామర్రు దగ్గర. కంపెనీలో తెలుగువాళ్ళం మేమిద్దరమే.

"సెలవుకొచ్చినప్పుడు మీ గురించే చెప్పేవోడు బాబూ," అంది నన్ను చూడగానే. "మన మాట మాట్టాడే మనిషి ఒక్కడున్నాడమ్మా, ఆయన తిడితే కూడా బాగుంటది అనేవోడు."

నేను ముందుకు తిరిగి, అవసరం లేకపోయినా డ్రైవరును గట్టిగా కేకేశాను. బస్సు కదిలింది.

కాలువ నిండుగా పారుతోంది. వరి పొట్ట విడిచి కంకి వంచింది. ఉయ్యూరు దాటేసరికి కిటికీల్లోంచి చెరుకు తోటల పచ్చి వాసన వచ్చింది. అక్కడికి దగ్గర్లోని ఒక ఊళ్ళో, బడి ముందు మొదటి విగ్రహం ఉంది. చెరుకు రైతు వెంకట్రామయ్యగారి అబ్బాయిది. ఆయన మా బస్సులోనే ఉన్నాడు. దిగి, భుజం మీది కండువాతో విగ్రహం మొహం తుడిచాడు.

"ముక్కు మావాడిది కాదండీ," అన్నాడు నాతో. "ఫొటో చూపించినా వినలేదు, శిల్పి తనకు తోచిన ముక్కు పెట్టేశాడు. మొదట్లో ఒళ్ళు మండేది. రోజూ చూస్తూ చూస్తూ, ఇప్పుడు మావాడి ముక్కు ఇలాగే ఉండేదేమో అనిపిస్తోంది."

మేం సెల్యూట్ చేశాం. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మరియమ్మగారు విగ్రహం పాదాల చుట్టూ ఉన్న గడ్డి పీకి, చేతులు దులుపుకుని బస్సెక్కింది.

బస్సు మళ్ళీ రోడ్డెక్కాక నన్ను దగ్గరికి పిలిచింది.

"బాబూ, మావోడి దగ్గరికి ఎప్పటికి చేరతామండీ?"

"ఎక్కడికమ్మా?"

"అదేనండీ. వాణ్ణి పూడ్చిన కాడికి. మద్దెలో రైలెక్కాలా, బస్సేనా? సున్నం గట్టిపడిపోద్దని తడిగుడ్డ చుట్టి తెచ్చాను."

డబ్బా మూత తీసి చూపించింది. మెత్తగా నానబెట్టిన సున్నం. పక్కన నలగగొట్టిన ఈతమట్ట కుంచె, ఒక కొవ్వొత్తి.

అప్పుడర్థమైంది ఆ ట్రంకుపెట్టె, ఆ శాలువా. మర్నాడు సమాధుల పండగ. క్రైస్తవుల ఇళ్ళలో ఆ పండగకు ముందే తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెడతారు. చీకటి పడ్డాక కొవ్వొత్తులతో సమాధుల తోటంతా వెలిగిపోతుంది. యుద్ధంలో పోయిన బిడ్డల గుర్తులున్న చోట్లకు బస్సు వెళ్తుందని వాళ్ళ చర్చిలో చెప్పారట. బిడ్డ గుర్తున్న చోటంటే ఏ తల్లికైనా ఒకటే చోటు. అది పంజాబులో ఉందనీ, ఈ బస్సు సాయంత్రానికి తిరిగి బెజవాడ వచ్చేస్తుందనీ ఆమెకు తెలియదు. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయని వచ్చిన కబురును పూడ్చిపెట్టారని అర్థం చేసుకుంది. ఆమెకు తెలిసిన అంత్యక్రియలు అవే మరి.

అక్కడ సమాధి లేదు. ఆ సంగతి ఆ బస్సులో నాకూ, డ్రైవరుకూ మాత్రమే తెలుసు.

"చూద్దామమ్మా," అని ముందుకొచ్చి కూర్చున్నాను. గొంతు పెద్దదని కదా నన్ను పెట్టింది, అది పూర్తిగా పడిపోయింది.

"నువ్వే చెప్పాలి ఉస్తాద్," అన్నాడు డ్రైవరు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"తెలుసు."

"ఎప్పుడు?"

"అన్నానికి ముందు చెబితే తినదు. తిన్నాక చెబితే తిన్నందుకు ఏడుస్తుంది."

"తిననీ. ఏడవడానికైనా ఓపిక కావాలిగా."

పామర్రు దాటాక కాలువ గట్టున బస్సు ఆపాం. పులిహోర, పెరుగన్నం. మరియమ్మగారు తన జంతికలు అందరికీ పంచింది. విస్తరి పారేసి చేతులు కడుక్కున్నాక నేను వెళ్ళి ఆమె పక్కన గడ్డిలో కూర్చున్నాను. యుద్ధంలో చాలాసార్లు భయపడ్డాను. ఆ గట్టు మీద పడ్డంత భయం ఎప్పుడూ పడలేదు.

వంకరలు పెట్టకుండా చెప్పాను. మా మోర్చా, మేం కాపు కాసిన కందకం, కూడా ఇలాంటి కాలువ గట్టు మీదే ఉండేది. అవతల గోధుమ చేలు. డిసెంబరు. పొద్దెక్కినా పొగమంచు విడిచేది కాదు. ఆఖరి రోజు ఒక షెల్లు వైర్‌లెస్ బంకరు మీద పడింది. లోపల యాకోబుతో పాటు ఇంకా కొందరున్నారు. చుట్టూ చేలన్నీ మందుపాతరలు. వెనక్కి మోసుకెళ్ళే దారి లేదు. అక్కడే దహనం చెయ్యమని ఆర్డరు వచ్చింది. వీడు క్రైస్తవుడు సాబ్ అని నేను కంపెనీ కమాండరుతో అన్నాను. "తెలుసు. వేరుచేసే వీలుందా?" అన్నాడు. లేదు. ఆ ఒక్క ముక్క మాత్రం నేనామెకు చెప్పలేదు. అందరూ కలిసే ఉన్నారమ్మా, విడదియ్యలేదు అన్నాను. తుమ్మ కట్టెలతో ఒకటే చితి పేర్చాం.

"నాకు మీ ప్రార్థన రాదమ్మా. 'పరలోకమందున్న మా తండ్రీ' అనే వరకు వాడి నోట విన్నాను. అంతవరకే అన్నాను."

ఆమె కాలువ వంక చూసింది. నీళ్ళ మీద గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది.

"కాల్చారా," అంది.

"అవునమ్మా."

"చలిగా ఉందా బాబూ ఆ రోజు?"

"బాగా చలి."

"మావోడికి చలి పడదు," అంది.

నిజమే, పడేది కాదు. వైర్‌లెస్ సెట్టు పరీక్ష చేస్తూ నేను "వినబడుతోందా? ఓవర్" అంటే, "మీ మాట బాగా వినబడుతోంది, నా పళ్ళ చప్పుడు మీకు వినబడుతోందా? ఓవర్" అనేవాడు. సెట్టు మీద తెలుగేంటని ఆఫీసరు ఇద్దరినీ తిట్టేవాడు. ఆ మాట ఆమెకు చెప్పాను. నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె కొంగుతో నా మొహం కూడా తుడిచింది.

తేరుకున్నాక డబ్బా వంక చూసింది. "మా ఊళ్ళో పెద్దల్ని అడిగానండీ, వాడి పేరున చిన్న గుర్తు కట్టుకుంటానని. శవం లేకుండా సమాధేంటన్నారు. రేపు ఊరంతా సమాధుల తోటలో ఉంటది. నేను తలుపేసుకుని కూర్చుంటాను. ఏటా అంతే. ఈసారన్నా నా బిడ్డకి చేసుకుందామనుకున్నా. ఇప్పుడీ సున్నం ఏం చెయ్యను? కాలవలో పోసెయ్యనా?"

"వద్దమ్మా. ఉంచండి," అన్నాను. ఎందుకు ఉంచమన్నానో నాకే తెలియదు.

బందరులో ముందు కోట చూపించాను. గోడలు కూలి తుమ్మలు మొలిచాయి. ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ ఇక్కడ ఎలా కొట్టుకున్నారో చేతులూపుతూ చెప్పాను.

"మన బందరులో వాళ్ళెందుకు కొట్టుకున్నారండీ?" అన్నాడు వెంకట్రామయ్యగారు.

"మనల్నెవరు ఏలాలా అని."

"మనల్నడక్కుండానా?"

"అడక్కుండానే."

"హవ్వ!" అన్నాడాయన.

తర్వాత తెల్లవాళ్ళ సమాధులు. పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, వాటి మీద చెక్కిన బొమ్మలు, అక్షరాలు. అందరూ అవి చూస్తున్నారు. మరియమ్మగారు మాత్రం గోడ మూలకు వెళ్ళి ఆగిపోయింది. అక్కడ ఇటుకతో కట్టి గచ్చు చేసిన చిన్న సమాధి ఉంది. నాచు పట్టింది. పేరు చెరిగిపోయింది.

"ఇదెవరిదండీ?" అని కాపలాదారును అడిగింది.

"ఎవరో సిపాయిదంటారమ్మా. కోట యుద్ధంలో పోయాడంట. ఎవరికీ తెలవదు."

"ఎవరూ రారా?"

"సముద్రం దాటి ఎవరొస్తారు?"

ఆమె అక్కడే కూర్చుంది. గోటితో నాచు గీకడం మొదలుపెట్టింది. "ఇతనికీ తల్లి ఉండుంటది," అంది. "ఇంత దూరం రాలేకపోయుంటది పాపం." డబ్బా మూత తీసింది.

కాపలాదారు కంగారుపడ్డాడు. "ఇవి సర్కారువమ్మా, ముట్టుకోకూడదు. నా ఉద్యోగం పోద్ది."

ఆర్డరంటే ఆర్డరే. నా కళ్ళ ముందు ఇంకెవరైనా ఆ పని చేస్తే నేనే ఆపేవాణ్ణి. ఆమెను ఆపలేదు. వెంకట్రామయ్యగారు కల్పించుకున్నాడు.

"రాతివి ముట్టుకోదులేవయ్యా. ఇది గచ్చుదేగా. ఒకప్పుడు సున్నం వేసిందే, మళ్ళీ వేస్తోంది. ఆవిడ కొడుకు మావాడిలాగే యుద్ధంలో పోయాడు. సున్నం వేసుకోడానికి ఆవిడకి చోటు లేదు."

కాపలాదారు ఆమె వంక చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు. బావి నుంచి బొక్కెనతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

ఆమె కడిగింది. కుంచె ముంచి, ఒక్క చుక్క కింద పడకుండా, తల వైపు నుంచి మొదలుపెట్టింది. మేం చుట్టూ నిలబడ్డాం. పూర్తయ్యాక నేను వంగి అడిగాను.

"యాకోబు పేరు రాయమంటారా అమ్మా? పుల్లతో గీస్తే నిలుస్తుంది."

"వద్దు బాబూ. ఇది ఈయనిల్లు. పేరు చెరిగిపోయిందని మనోడి పేరు పెట్టేస్తామా?" కొవ్వొత్తి అంచున నిలబెట్టింది. "ఈయనకి నేను చేశాను. అక్కడ మావోడికి ఎవరో ఒకరు చేస్తారు."

అప్పుడు వాన అందుకుంది. తుంపర కాదు, పెద్ద చినుకులు. తడి సున్నం ఓ పక్క నుంచి కారడం మొదలైంది. ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది. డ్రైవరు బస్సు దగ్గరికి పరుగెత్తి టాపు మీది టార్పాలిన్ లాక్కొచ్చాడు. సిపాయిలం తలో పక్కా పట్టుకుని పైకెత్తాం. ఒక మూల వెంకట్రామయ్యగారు పట్టుకున్నాడు, ఒక మూల కాపలాదారు. సున్నం పట్టుకునే దాకా అలాగే నిలబడ్డాం. నీళ్ళు చొక్కా చేతుల్లోంచి చంకల దాకా కారాయి.

"చేతులు పీకుతున్నాయా బాబూ?" అని కిందినుంచి అడిగింది.

"లేదమ్మా," అన్నాం అందరం ఒక్కసారే.

తిరుగు ప్రయాణంలో ఆమె బెజవాడ దాకా రాలేదు. పామర్రు దగ్గరే దించెయ్యమంది. "రేపు పండక్కి ఊళ్ళో ఉంటానండీ. తోటలోకెళ్తాను. నా వంతు అయిపోయిందిగా." ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టాను. శాలువా తీసి కప్పుకుంది. మసక వెలుతుర్లో రిక్షా కాలువ వంతెన దాటేదాకా చూసి, డ్రైవరుకు పోనిమ్మని చెప్పాను.

యుద్ధం గురించి చెప్పమని ఇరుగుపొరుగు పిల్లలు అడుగుతుంటారు. ఫిరంగులు, మోర్చాలు చెబుతాను. నిజానికి కళ్ళు మూసుకుంటే నాకు కనబడేవి అవి కాదు. పైన టార్పాలిన్ మీద వాన మోగుతోంది. కింద మరియమ్మగారు గొంతుక్కూర్చుని, తడి సున్నం మీదికి వంగి, త్వరగా ఆరాలని నోటితో ఊదుతోంది. మోకాలు చీరుకుపోయిన పిల్లాడి దెబ్బ మీద ఊదినట్టు, ఆ ఊరూ పేరూ తెలియని సిపాయి చుట్టూ మెల్లగా జరుగుతూ, ఊదుతూనే ఉంది.