తుమ్మెద జాతి

ప్రయోగశాలలో అందరూ ఆమెను ఊపిరక్క అంటారు. పురుగులు ఊపిరి పీల్చేది ఒంటి పక్కనున్న చిల్లుల్లోంచి. భూతద్దం కింద వాటి పొట్ట ఎన్నిసార్లు పొంగిందో పెదాలు కదుపుతూ లెక్కపెట్టడమే ఆమె పని. ఇన్నేళ్లూ చూసింది తేనెటీగలనే. వాటి పొట్టకు క్షణం తీరికుండదు. మొన్న మొదటిసారి గాజుగొట్టంలో తుమ్మెదను పెట్టింది. నాలుగు నిమిషాలైనా దాని పొట్ట కదల్లేదు. ఆమె ప్రయోగశాల పెద్దసారును కేకేసింది.

“సార్, దూర్చేటప్పుడు నలిపి చంపేశానండీ!”

“కంగారుపడకక్కా. కుదురుగా ఉన్నప్పుడు తుమ్మెద ఊపిరి బిగబట్టుకుంటుంది. చూస్తూ ఉండు.”

అయిదో నిమిషంలో పొట్ట పొంగింది. హమ్మయ్య అని ఆమె కుర్చీలో కూలబడింది.

ఇంట్లో మధ్యాహ్నప్పూట మొగుడి గురక ఆగినప్పుడల్లా తట్టి లేపి తిట్లు తినే మనిషి, ఈ ఆదివారం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గురక మళ్లీ అందుకుంది. ‘ఈయనదీ తుమ్మెద జాతే’ అనుకుని, తనూ నిశ్చింతగా పక్కన ఒరిగింది.