మా తమ్ముణ్ణి దాచమన్నారు

మా మనవరాలికి ఏడాదిపాటు అమెరికాలో చదువుకునే స్కాలర్‌షిప్ దాదాపు ఖాయమైంది. ఇంటిదగ్గర చిన్న వీడియో తీసి పంపాలని దాని లెక్చరర్ గారు కాకినాడ నుంచి మా ఇంటికి వచ్చారు. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

వస్తూనే వాకిట్లో ఎండుతున్న నెత్తళ్ళ చేపలను చూసి ముక్కు మూసుకున్నారు.

"ముందివి తీయించండమ్మా."

"వీడియోలో వాసన రాదు కదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు.

తరవాత ఆయన చూపు గోడమీద ఫోటో మీద పడింది. మంచులో టోపీ పెట్టుకుని నిలబడ్డ మా తమ్ముడు. రష్యా, అమెరికా నువ్వా నేనా అనుకునే రోజుల్లో, మన పిల్లల్ని తమవైపు తిప్పుకోవాలని పోటీపడి చదివించేవి. చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడు అలా మాస్కోలో ఇంజనీరింగ్ చదివొచ్చాడు. నా మనవరాలికి ఇంగ్లీషు నేర్పింది కూడా వాడే.

"ఇదీ తీసేయండి. ఆ రెండు దేశాలకీ మళ్ళీ పడటం లేదు."

"స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళేమైనా అడిగారాండీ?"

"అడగలేదనుకోండి. ముందు జాగ్రత్త."

పక్కనే కూర్చున్న మా తమ్ముడు, "నన్ను కూడా ఎత్తి నెత్తళ్ళతోపాటు పెరట్లో ఎండేస్తారా మాస్టారూ?" అన్నాడు. అంటూనే, తనే లేచి ఫోటో తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కెమెరా ముందు, ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగితే పిల్ల నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. "కాలేజీలో" అంది. ఆయన మీద ఎంత కోపమో, నామీద నాకు అంతకు రెట్టింపు. రేవులో చేపలమ్ముతూ బేరగాళ్ళ నోళ్ళు మూయించేదాన్ని, నా ఇంట్లో నా నోరే మూసుకున్నాను.

స్కాలర్‌షిప్ వచ్చింది. ప్రయాణానికి వారం ముందు, అక్కడి చలికి పనికొస్తుందని తమ్ముడు తన పాత ఉన్ని కోటు తెచ్చాడు. చూద్దును కదా, అరుగు మీద కూర్చుని, మెడదగ్గర రష్యా అక్షరాలున్న గుడ్డముక్క కుట్లు బ్లేడుతో విప్పుతున్నాడు.

"ఏంట్రా ఆ పని?"

"ఎవరికేం అనుమానం వస్తుందో అక్కా. పిల్ల చదువు కదా."

బ్లేడు లాక్కుని గోడ అవతలకి విసిరేశాను. అప్పటికే సగం ఊడింది. వాడు వద్దంటున్నా సూది తెచ్చి, ఆ నల్లకోటుకి చేతికందిన తెల్లదారంతోనే, దూరానికి కనబడేలా కుట్టి పిల్ల పెట్టెలో పెట్టాను.